నేలను బట్టి కలుపు మందు: పత్తి మొలక దెబ్బతినకుండా మోతాదు తేల్చుకోవడం ఎలా?

జూన్‌లో తొలకరి పడగానే మందుల దుకాణం ముందు వినపడే మాట ఒకటే: "పత్తికి పెండిమిథాలిన్, ఎకరాకు లీటరున్నర." ఆదిలాబాద్ నల్లరేగడి రైతుకూ అదే లెక్క, నాగర్‌కర్నూల్ ఎర్ర చల్క రైతుకూ అదే లెక్క. చల్కలో గింజ పైపైన పడి, మందు కొట్టాక గట్టి వాన కూడా పడితే అదే లీటరున్నర మొలకను కుంగదీస్తుంది. చల్క రైతుకు సరిపోయే లీటరు రేగడిలో కొడితే ఇరవై రోజులు తిరగకుండానే గలిజేరు పరుచుకుంటుంది. ఇద్దరూ మందు నకిలీదంటారు. నకిలీలు ఉన్నమాట నిజమే కానీ, చాలాచోట్ల గొడవంతా నేలతోనే.

నన్నడిగితే డబ్బా మీది మోతాదును ఎకరం లెక్కన కాదు, నేల లెక్కన చదవాలి. చల్కలో ప్రమాదం ఈ పంటకే. రేగడిలో ముందు కలుపు చావకపోవడం ఒక నష్టం, కొన్ని మందులు మిగిలిపోయి తర్వాతి పంటను పట్టడం ఇంకో నష్టం. ఏ నేలలో దేనికి భయపడాలో తెలిస్తే మిగతా పని సులువు.

నేల మందును ఏం చేస్తుంది?

కొట్టిన మందంతా కలుపు గింజకు అందదు. అందులో కొంత బంకమన్ను రేణువులకు, కుళ్లిన సేంద్రియ పదార్థానికి అంటుకుపోతుంది. మిగిలినది నేల తేమలో కరిగి మొలకెత్తే వేళ్లకు చేరుతుంది. కలుపును చంపేదీ, పత్తిని కాల్చేదీ ఈ మిగిలిన భాగమే. నల్లరేగడిలో బంకమన్ను సాధారణంగా 40 శాతం పైమాటే. అదీ తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే రకం కాబట్టి పట్టుకునే శక్తి ఎక్కువ. చల్కల్లో బంకమన్ను తక్కువ, ఉన్నదానికి కూడా పట్టు తక్కువ. రేగడి తన వాటా ముందే తీసుకుంటుంది, చల్క పెద్దగా ఉంచుకోకుండా చాలావరకు మొక్కకే వదిలేస్తుంది.

రెండో సంగతి మందు కరిగే గుణం. లీటరు నీటిలో పెండిమిథాలిన్ అర మిల్లీగ్రాము కూడా కరగదు. పత్తిలో వాడే ఇంకో కలుపు మందు డైయూరాన్ సుమారు 40 మిల్లీగ్రాములు కరుగుతుంది. అందుకే పెండిమిథాలిన్ పడ్డచోటే పై అంగుళంలో ఉండిపోతుంది. డైయూరాన్ మాత్రం ఇసుక నేలలో గట్టి వాన పడితే నీళ్లతోపాటు గింజ దాకా దిగిపోతుంది. పెండిమిథాలిన్ వల్ల పత్తికి హాని జరగకపోవడానికి మొక్క తట్టుకునే శక్తి కొంత కారణమైతే, గింజ మందు పొరకు కింద ఉండటం ఇంకో ముఖ్య కారణం. తల్లివేరు కిందికి దిగిపోతుంది, మందు పైనే ఆగిపోతుంది. ఈ ఎడం చెడితే ఏ మందైనా ప్రమాదమే.

మొదటి పని: చేను ఏ నేలో తేల్చుకోవడం

"మాది నల్ల భూమే" అన్న మాట చాలదు. రంగు మోసం చేస్తుంది. పిడికెడు మట్టి తీసి, రాళ్లు ఏరేసి, ముద్దయ్యేదాకా తడిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టీలా నొక్కుతూ బయటికి తోయండి. పట్టీ అంగుళం కూడా సాగకుండా తెగి, వేళ్లకు ఇసుక గరగరలాడితే తేలిక నేల. రెండంగుళాలు దాటి సాగి, వేళ్లకు జిగటగా అంటుకుంటే బరువు నేల. ఆ రెంటికీ మధ్యలో తెగితే మధ్యరకం.

అనుమానం తీరకపోతే గాజు సీసాలో మూడో వంతు మట్టి వేసి, నీళ్లు నింపి, చిటికెడు బట్టల సబ్బు పొడి కలిపి బాగా కుదిపి కదలకుండా పెట్టండి. నిమిషంలోనే ఇసుక అడుగుకు చేరుతుంది. రెండు మూడు గంటల్లో ఒండ్రు దాని మీద పేరుకుంటుంది. బంకమన్ను దిగడానికి రోజు పైనే పడుతుంది. మూడు పొరల మందం స్కేలుతో కొలిస్తే సుమారుగా పాళ్లు తెలుస్తాయి.

భూసార పరీక్ష పత్రం ఉంటే అందులో రెండు అంకెలు చూడండి. ఒకటి సేంద్రియ కర్బనం. 0.5 శాతం లోపు తక్కువ, 0.75 దాటితే ఎక్కువ. మన చల్కల్లో ఎక్కువ భాగం మొదటి వరుసలోనే ఉంటాయి. రెండోది ఉదజని సూచిక, అంటే పీహెచ్. ఇది ఈ ఏటి మోతాదుకంటే, పోయినేడు కొట్టిన మందు ఇంకా మిగిలి ఉందా అన్న లెక్కకు ఎక్కువ పనికొస్తుంది. ఆ సంగతి కింద చెబుతాను.

అన్నిటికంటే చిక్కైనది ఒకే చేలో రెండు నేలలుండటం. వాలు మీద పైభాగం ఎర్రగా, మొరంతో తేలిగ్గా ఉంటుంది. కింది భాగంలో, కుంట వైపు, నల్ల మట్టి చేరుతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్, వరంగల్ వైపు ఇది సర్వసాధారణం. మందంతా ఒకే డ్రమ్ములో కలిపి చేనంతా కొడితే పైన మొలక దెబ్బతింటుంది, కింద కలుపు మిగులుతుంది. రెండు వేర్వేరు చేలు అనుకుని, మధ్యలో నాలుగు కర్రలు పాతి, మందు విడివిడిగా కలపండి. చెరువు మట్టి తోలిన ముక్కను కూడా వేరుగానే లెక్కించాలి.

ఇంకో చిన్న గుర్తు. పత్తికట్టె కుప్పేసి కాల్చిన చోట మందు కొట్టినా కలుపు గుబురుగా వస్తుంటుంది. బొగ్గు మందును గట్టిగా పట్టేసుకోవడం అందుకు ఒక కారణం. అక్కడ మోతాదు పెంచడం దండగ, గుంటుకే గతి.

రెండో పని: పోయినేడు ఈ చేలో ఏం కొట్టారు?

కౌలు చేను అయితే ఈ ప్రశ్న మరీ అవసరం. యాసంగి మొక్కజొన్నలో అట్రాజిన్ వాడి ఉంటారు. మన వ్యవసాయ విశ్వవిద్యాలయాల సిఫారసులోనే అట్రాజిన్ 50 శాతం పొడి తేలిక నేలలకు ఎకరాకు 800 గ్రాములు, బరువు నేలలకు 1200 గ్రాములు అని విడివిడిగా ఉంటుంది. మొక్కజొన్నకు నేలను బట్టి మోతాదు మార్చే రైతే పత్తికి వచ్చేసరికి ఎందుకు మార్చడో నాకు అర్థం కాదు. ఈ అట్రాజిన్ పీహెచ్ 7.5 దాటిన నేలల్లో నెమ్మదిగా విరుగుతుంది. మన రేగళ్లలో చాలావరకు ఆ గీత దాటినవే. నీళ్లు సరిగా పారని, ఎండ ముదిరిన ఏడాదైతే ఇంకా ఆలస్యం. సూక్ష్మజీవులు పని చేయాలంటే తేమ కావాలి మరి.

సోయాచిక్కుడులో కొట్టే ఇమాజెథాపిర్ లెక్క దీనికి తిరగబడి ఉంటుంది. అది ఆమ్ల గుణం ఉన్న నేలల్లో ఎక్కువ కాలం నిలుస్తుంది. క్లోరిమ్యూరాన్, మెట్‌సల్ఫ్యూరాన్ లాంటివి మళ్లీ అట్రాజిన్ దారే, క్షార నేలల్లో మొండికేస్తాయి. ఆదిలాబాద్, నిర్మల్ వైపు సోయా, పత్తి మార్చి మార్చి వేసేవాళ్లు ఏ మందు ఏ తేదీన కొట్టారో రాసి పెట్టుకోవడం మంచిది.

అనుమానముంటే మే నెలలోనే కుండీ పరీక్ష చేయండి. చేలో పది చోట్ల పై నాలుగు అంగుళాల మట్టి తీసి కలపండి. మందు ఎన్నడూ పడని గట్టు మట్టి, అదే రకం నేలది, వేరుగా తీయండి. అడుగున చిల్లులు పెట్టిన కప్పులు ఒక్కో మట్టికి నాలుగేసి నింపి, కొన్నింట్లో దోస గింజలు, కొన్నింట్లో పత్తి గింజలు పెట్టి ఎండ తగిలేచోట ఉంచండి. మొలక రాగానే బాగుందని వదిలేయకండి. అట్రాజిన్ మొలకను ఆపదు. గింజలో ఉన్న తిండి అయిపోయి, ఆకు తన తిండి తాను వండుకోవాల్సి వచ్చినప్పుడు దాని పని బయటపడుతుంది. అందుకే మూడు వారాలు ఆగాలి. గట్టు మట్టిలో దోస పచ్చగా ఉండి, చేను మట్టిలో ఆకు అంచులు పసుపెక్కి మాడుతుంటే ఆ చేలో మందు మిగిలి ఉన్నట్టే. కప్పులోని పత్తి మొలక కూడా అలాగే వాడిపోతుంటే ఈ ఖరీఫ్‌కు అక్కడ మొక్కజొన్నో జొన్నో వేసుకోవడమే క్షేమం. ఇది అట్రాజిన్ లెక్క. వేరే మందు మిగిలి ఉంటే జొన్న కూడా దెబ్బతినవచ్చు కాబట్టి, వేయదలచుకున్న పంట గింజలు కూడా ఒక కప్పులో పెట్టి చూడండి.

మూడో పని: మందు, మోతాదు

విత్తిన వెంటనే కొట్టే మందుల్లో మన పత్తికి ఆధారం పెండిమిథాలిన్. 30 శాతం ఈసీ (నీళ్లలో కలిపితే పాలలా మారే ద్రవం) రకానికి పత్తిలో ఆమోదించిన మోతాదు హెక్టారుకు రెండున్నర లీటర్ల నుంచి సుమారు 4.16 లీటర్లు. ఎకరాకు లీటరు నుంచి సుమారు లీటరు 680 మిల్లీలీటర్లు. ఈ తేడా నేల కోసమే ఉంది. నా లెక్క ఇది:

- దుబ్బ, ఇసుక చల్క: లీటరు, అంతకు మించవద్దు.
- ఎర్ర గరప, మధ్యరకం: లీటరుంబావు.
- నల్లరేగడి: లీటరున్నర. కర్బనం బాగా ఉండి, ఏటా పశువుల ఎరువు తోలే చేనైతే 1.6 లీటర్లు.

38.7 శాతం సీఎస్ రకం వేరు. మందు సన్నటి గుళికల్లో ఉంటుంది కాబట్టి ఎండకు త్వరగా ఆవిరి కాదు. దాని మోతాదు ఎకరాకు 600 నుంచి 700 మిల్లీలీటర్లు. రెండు డబ్బాల మీదా పెండిమిథాలిన్ అనే ఉంటుంది కనుక ఒకదాని లెక్క ఇంకోదానికి వేయకండి.

డైయూరాన్‌కు పత్తిలో అనుమతి ఉంది, వెడల్పాకు కలుపు మీద బాగా పనిచేస్తుంది. కానీ చల్కలో, కర్బనం తక్కువ ఉన్న నేలలో దాని జోలికి పోవద్దనే నా సలహా. పావు మోతాదు ఎక్కువైనా, ఒక్క జడివాన తోడైనా పంట పోవచ్చు. రేగడిలో వాడదలిస్తే లేబుల్ మీది కింది మోతాదుతో రెండు గుంటల్లో చూసుకున్నాకే మిగతా చేను.

పాత పుస్తకాల్లో పత్తికి అలాక్లోర్ ఇంకా కనిపిస్తుంది. దేశంలో దాని వాడకం 2020 డిసెంబర్ 31తో నిలిచిపోయింది. ఎవరైనా ఇస్తానన్నా తీసుకోవద్దు. ఇక గ్లైఫోసేట్: 2022 అక్టోబర్‌లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం లైసెన్సు ఉన్న చీడ నివారణ ఆపరేటర్లు తప్ప వేరెవరూ వాడకూడదు. అనుమతి లేని బీజీ-3 (కలుపు మందును తట్టుకునే పత్తి) గింజ చేతిలో పెట్టి "దీని మీద గ్లైఫోసేట్ కొట్టుకో" అనే దళారి మాట నమ్మితే ఏ నేలైనా నష్టమే.

పత్తిలో కంది అంతరపంటగా వేసేవారికి పెండిమిథాలిన్ సరిపోతుంది, అది కందికి కూడా సిఫారసు ఉన్న మందే. తుంగ, గరక మాత్రం దీనికి చావవు. దుంపల నుంచి, కాండం నుంచి వచ్చే కలుపు మీద, మొలకెత్తే గింజను చంపే ఈ మందు పనిచేయదు. తుంగ ఉందని మోతాదు పెంచితే పత్తి మొలక చెడుతుంది, తుంగకు ఏమీ కాదు.

నాలుగో పని: పంపు లెక్క

మోతాదు ఎంత జాగ్రత్తగా తేల్చినా పంపు దగ్గర అది చెడుతుంది. మందు కలపకముందు ఉత్త నీళ్లతో రెండు గుంటలు, ఆంధ్ర లెక్కలో ఐదు సెంట్లు, కొట్టి చూడండి. అది ఎకరంలో ఇరవయ్యో వంతు. పది లీటర్లు పడితే ఎకరాకు 200 లీటర్లు పడుతున్నట్టు. 200 లీటర్లకు లీటరు మందు అంటే లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, 16 లీటర్ల పంపుకు 80. లీటరున్నర అయితే పంపుకు 120. మీ మనిషి నెమ్మదిగా నడిచి రెండు గుంటలకు 13 లీటర్లు పోస్తే ఎకరాకు 260 లీటర్లు అవుతుంది. అప్పుడు పంపుకు 80 వేస్తే ఎకరాకు 1300 మిల్లీలీటర్లు పడిపోతుంది. చల్కలో ఆ 300 చాలు మొలకను కుంగదీయడానికి.

నాజిల్ ఫ్లాట్ ఫ్యానో ఫ్లడ్ జెట్టో ఉండాలి. పురుగుమందు కొట్టే గుండ్రటి జల్లు నాజిల్, తైవాన్ పంపు గన్ను దీనికి పనికిరావు. పట్టె మీద పట్టె పడితే అక్కడ మోతాదు రెట్టింపు. చాళ్ల చివర మళ్లే చోట పంపు కట్టేయాలి. కొట్టిన పొర తొక్కకుండా వెనక్కి నడవాలి. వరిలోనో మొక్కజొన్నలోనో 2,4-డి కొట్టిన పంపును పత్తికి తేవద్దు. ఎంత కడిగినా మిగిలిన చుక్కలు చాలు, పత్తి ఆకులు వేళ్లలా చీలి ముడుచుకుంటాయి.

ఐదో పని: గింజ లోతు, పదును, వాన

60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి విత్తుకోవాలన్న సిఫారసు మొలక కోసమే అనుకుంటారు. మందుకూ అదే కావాలి. పొడి దుక్కిలో గింజ పెట్టి, దుమ్ము మీద పెండిమిథాలిన్ కొడితే ఎండకు విరిగి, ఆవిరై చాలా భాగం పోతుంది. పొడిలో విత్తినవాళ్లు వాన పడేదాకా ఆగి, పడ్డ మరునాడే, మొలక నేల పగలకముందే కొట్టాలి. మామూలుగా విత్తిన 24 నుంచి 48 గంటల్లోపు కొట్టేయడం పద్ధతి.

చల్కలో గింజ 4 నుంచి 5 సెంటీమీటర్ల లోతున పడాలి, పైన మట్టి మూసుకోవాలి. కూలీలు అచ్చు మీద వేలితో గుంట చేసి గింజ వేసి పోతుంటారు. వెనక ఒకరు కాలితో మూయకపోతే మందు నేరుగా గింజ మీదే పడుతుంది. చల్కలో చాలా నష్టాలకు అసలు కారణం ఈ మూయని గుంటలే. లోతు కాల్వలాంటి సాలులో విత్తితే ఇంకో ముప్పు: గట్టి వానకు బోదె మీది మందు మట్టి కొట్టుకొచ్చి సాలులో చేరుతుంది. కాబట్టి తేలిక నేలలో సాలు లోతుగా ఉంచకండి. వాతావరణ సూచనలో మరునాడు భారీ వాన ఉంటే ఒకరోజు ఆగండి, గింజ నానుతున్నా ఫర్వాలేదు.

రేగడిలో చిక్కు బెడ్డలతో. పెద్ద బెడ్డల మీద మందు పడుతుంది, వాటి నీడలో నేలకు పడదు. వానకు బెడ్డ విరిగినప్పుడు లోపలి మందు తగలని మట్టి బయటికొస్తుంది, దానితో కలుపూ వస్తుంది. ఇంకోసారి గుంటుక తోలి మెత్తగా చేశాకే విత్తండి. బీటలు మూసుకోని రేగడిలో కొడితే మందు పగుళ్లలోకి జారిపోతుంది. వాన తర్వాత బీటలు పూడాక, కాలు దిగబడని పదునులో కొట్టాలి. కొట్టాక ఇరవై రోజుల దాకా గుంటుక పెట్టవద్దు, పొర చెదిరిపోతుంది.

ఈ మధ్య తేలిక నేలల్లో దగ్గర దగ్గరగా విత్తే అధిక సాంద్రత పద్ధతి పెరుగుతోంది. మొక్కల ఎడం 20 సెంటీమీటర్లే కావడంతో అడ్డంగా గుంటుక తోలే వీలు లేదు. దాంతో రైతు మందు మీద ఎక్కువ ఆధారపడతాడు, అదీ మందు తట్టుకోలేని నేలలోనే. అలాంటి చేలో విత్తగానే కొట్టే మందు లీటరుకు మించనీయకుండా, మిగతా బరువు ఇరవై రోజుల తర్వాతి మందు మీద వేయడం మేలు.

మొలిచాక కొట్టే మందులు

ఇక్కడ నేల పాత్ర తక్కువ, మొక్క వయసు పాత్ర ఎక్కువ. 20 నుంచి 25 రోజులప్పుడు, కలుపు రెండు నుంచి నాలుగు ఆకుల మీద ఉండగా, వెడల్పాకు కలుపుకు పైరిథయోబాక్ సోడియం 10 శాతం ఎకరాకు 250 మిల్లీలీటర్లు, గడ్డి జాతికి క్విజాలోఫాప్ ఇథైల్ 5 శాతం 400 మిల్లీలీటర్లు. నేలలో తేమ లేకుండా కొడితే కలుపు చావదు. పైరిథయోబాక్ కొట్టాక పత్తి లేతాకులు కాస్త పసుపెక్కితే కంగారు వద్దు, వారం పది రోజుల్లో తిరుగుతుంది. కంది సాళ్లున్న చేలో దీన్ని కొట్టకండి. దీని తర్వాత అదే చేలో జొన్న, మొక్కజొన్న వేయాలనుకుంటే డబ్బా మీది వ్యవధి చూసుకోండి.

మొలక వాడితే ఏం చూడాలి?

చూడకుండానే తప్పంతా మందుదే అని తీర్పు చెప్పకండి. వాడిన మొక్క ఒకటి, పక్కనే బాగున్నది ఒకటి, పారతో మట్టిగడ్డ సహా తీసి బకెట్ నీళ్లలో ఆడించి వేళ్లు చూడండి. పెండిమిథాలిన్ దెబ్బైతే పై అంగుళం రెండంగుళాల్లో పిల్లవేళ్లు ఉండవు, ఉన్నవి పొట్టిగా, మొనలు ఉబ్బి ఉంటాయి. నేల మట్టం దగ్గర కాండం లావెక్కి, వంచితే పుటుక్కున విరుగుతుంది. డైయూరాన్ దెబ్బైతే వేరు తెల్లగా బాగానే ఉంటుంది. ముందు కింది ఆకుల అంచులు, ఈనెల మధ్య భాగం పసుపెక్కి మాడతాయి. లేతాకుల్లో ఈనెలు పచ్చగా ఉండి మధ్య భాగం పాలిపోతే అది ఇనుప ధాతు లోపం, సున్నం ఎక్కువున్న నేలల్లో మామూలే. పల్లంలో మాత్రమే గుంపుగా వాడితే నీరు నిలవడం. సాలు వెంట పట్టెలు పట్టెలుగా, మళ్లే చోట ఎక్కువగా ఉంటే పంపు పొరపాటు.

పెండిమిథాలిన్ దెబ్బ మరీ ముదరకపోతే మొక్క తల్లివేరు మీద కోలుకుంటుంది. పైపైన గుంటుక తోలి పొర విరగ్గొట్టి, మొదలుకు కాస్త మట్టి ఎగదోయండి, గాలికి విరగకుండా. లీటరు నీటికి 10 గ్రాముల 19:19:19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండే ఎరువు) ఒకసారి ఆకుల మీద కొట్టవచ్చు. ఆ పది రోజులు ఇంకే కలుపు మందూ వద్దు. చచ్చిన చోట మళ్లీ గింజ పెట్టేటప్పుడు పై రెండంగుళాల మట్టి పక్కకు నెట్టి, కింది మట్టిలో గింజ పెట్టి, మందు తగలని మట్టితో మూయండి. విత్తిన రోజునే కొన్ని గింజలు పాలిథిన్ సంచుల్లో మొలకెత్తించి ఉంచుకున్నవారు వాటిని మట్టిగడ్డతో సహా నాటితే చేను ఒక్క ఎత్తుకు వస్తుంది.